ఏడో ఔను

గరుడగిరి రాజ్యంలో ఉత్తరపు కోటవాకిలిని పిడుగువాకిలి అంటారు. రెండు నల్లకొండల నడుమ ఏడు నిలువుల ఎత్తు ఇనుప తలుపులు, వాటి ముందు వెయ్యిమంది కూర్చోగల రాతి ముంగిలి, ముంగిలి చివర చూస్తేనే కళ్లు తిరిగే ఆవులింత లోయ. మామూలు రోజుల్లో అక్కడ గాలికీ కావలివాళ్లకీ తప్ప మరొకరికి పనుండదు. ఆ వేళ మాత్రం ముంగిలి నిండా ముత్యాల ముగ్గులు తీర్చారు. తలుపులకు మరువం, చేమంతి దండలు వేలాడగట్టారు. పచ్చపట్టు పందిరి కింద కస్తూరినీళ్లు చిలకరించారు. పందిరి మధ్య రత్నాల గద్దె మీద ధవళకీర్తి మహారాజు, ఆయన కుడిపక్కన పూలతో నిండిన వేరొక పీట, దాని ముందు ఎర్రదిండు మీద ఏనుగుదంతమంత పొడవున్న నల్లని గోరు ఒకటి. గోటి మొదలుకు నగిషీలు చెక్కిన వెండి తొడుగు వేసి ఉంది.

ఇంత సింగారం మధ్య ఒక ముసలివాడు కాళ్లకు గొలుసుతో కూర్చుని ఉన్నాడు. అతడు నలభై ఏళ్లుగా పిడుగువాకిలి కావలి పెద్దగా ఉన్న బయ్యన్న. అతని వెనక ఉన్నది వాకిలిబండ. కావలివాళ్ల పేర్లన్నీ వరసగా దాని మీదే చెక్కుతారు. ద్రోహం చేసినవాడి పేరును అతని రక్తసంబంధం ఉన్నవాళ్ల చేతే ఉలితో చెరిపించడం ఆ రాజ్యపు కట్టుబాటు. చెరపనంటే, పేరుకు బదులు ఆ చెరపని మనిషి లోయలోకి పోవాలి. బయ్యన్న ముందు ఉలీ సుత్తీ పెట్టి ఉన్నాయి. చెరపవలసిన పేరు సింగన. అది అతని ఒక్కగానొక్క కొడుకు పేరు. ఆ ముసలాయన నెలరోజులుగా ఉలిని ముట్టుకోలేదు. ఈరోజు మంత్రిగారి సన్మానం ముగియగానే అతన్ని లోయ అంచుకు నడిపిస్తారని ఊరంతటికీ తెలుసు.

ఈ సంగతులన్నీ ముంగిలి మొగదలలో నిలబడిన ఒక భట్టు కళ్లారా చూస్తున్నాడు. జరీ అంచు పాగా, ఛాతీ దాకా దిగిన గడ్డం, మణికట్ల దాకా చేతులున్న పొడుగు అంగీ, భుజాన తంబుర. కుసుమావతి నుంచి వచ్చిన విఠలభట్టుగా రాజాహ్వానపు తాటాకు చూపించి లోపలికి వచ్చాడు. ఆ గడ్డం మేకవెంట్రుకలది. దాని వెనక ఉన్నవాడు సింగన.

వెనకటి కథ తెలియనివాళ్ల కోసం నాలుగు మాటలు చెప్పాలి. నెల కిందట మంచు దట్టంగా కమ్మిన ఒక తెల్లవారుజామున వాకిలి దేవతకు దీపం పెట్టడానికి రాకుమారి హేమప్రభ వచ్చింది. కావలివాళ్లందరూ మంత్రి పంపిన పానకం తాగి మత్తుగా పడి ఉన్నారు. పానకం గిట్టని సింగన ఒక్కడే మెలకువగా ఉన్నాడు. ఆ సమయంలో వజ్రతుండమనే రాకాసి గద్ద ఆకాశం నుంచి దిగి రాకుమారిని కుడికాలితో పట్టి లేచింది. సింగన దాని ఎడమకాలికి వేలాడి, కుడికాలి గోటిని ఒకదాన్ని కత్తితో తెగనరికాడు. గోరు ముంగిట్లో పడింది. సింగనను గద్ద విదిలించి వెదురుకోనలో పారేసి, రాకుమారితో ఎగిరిపోయింది. పడిపోయేముందు అతను చూసింది ఒకటుంది. బురుజు మీద నిలబడి ఎముక పిల్లనగ్రోవి ఊది తలపాగాలో దోపుకుంటున్న మంత్రి కపిలకేతుడు.

ఈ కపిలకేతుడిది ఒక ప్రత్యేకమైన విద్య. మంత్రాలు తెలుసు, నిజమే గాని అతని అసలు బలం అది కాదు. అతను ఎవరి మీదా నేరుగా నింద వేయడు. గడ్డం గీయించుకుంటూ మంగలితో, "ఆ సింగన సంగతి మాత్రం నన్నడక్కు" అన్నాడు. మంగలి అడగనే లేదు. పూలమ్మితో, "బయ్యన్నను చూస్తే కడుపు తరుక్కుపోతుంది, కొడుకు చేసిన పనికి ఆయనేం చేస్తాడు" అని నిట్టూర్చాడు. కొడుకేం చేశాడని ఆమె అడిగితే, "నా నోటితో చెప్పలేను" అన్నాడు. సాయంత్రానికల్లా ఊళ్లో తక్కిన నోళ్లన్నీ చెప్పాయి. సింగన శత్రువులకు అమ్ముడుపోయి వాకిలి తీశాడనీ, కావలివాళ్లకు మత్తు పెట్టాడనీ, గద్దతో పోరాడి గోరు నరికింది మంత్రిగారేననీ చెప్పుకున్నారు. సింగనను చిన్నప్పటి నుంచి చూసినవాళ్లు కూడా, "వాడి చూపులో ఏదో తేడా ఉందని నేనెప్పుడో అనుకున్నాను" అన్నారు. కనబడితే నరికేయమని రాజాజ్ఞ కూడా పుట్టింది.

వెదురుకోనలో ఒళ్లు కూడదీసుకుంటున్న సింగనకు ఈ కబురు చెప్పింది అసలు విఠలభట్టు. ఏనుగుల గోతిలో పడి కాలు విరిగిన ఆయన్ని సింగన బయటికి లాగి కాపాడాడు. నేరుగా వెళ్లి నిజం చెబుతానని సింగన ఆవేశపడితే భట్టు పగలబడి నవ్వాడు.

"నీ మాట నమ్మేవాడు ఒక్కడైనా మిగిలాడా అక్కడ? నువ్వు తిడితే, దొంగ ఎదురుతిరిగాడంటారు. పొగుడు నాయనా. ఆ మంత్రిని నాకంటే గట్టిగా పొగుడు. ఎంత పొడుగ్గా పొగిడితే అంత పొడుగు తాడు ఇచ్చినట్టు. మెడకు ఆయనే చుట్టుకుంటాడు."

అలా భట్టు దుస్తులు, తాటాకు, తంబుర సింగన చేతికొచ్చాయి. పద్యాలు కట్టడం భట్టు పని, బట్టీ పట్టడం సింగన పని. దున్నపోతు గొంతు వేసుకుని అతను పాడుతుంటే భట్టు పదిహేను రోజులు చెవులు మూసుకున్నాడు. చివరికి ముక్కుతో పాడడం నేర్పాడు. దానికీ ఒక కారణం ఉంది. కపిలకేతుడి భుజం మీద ఎప్పుడూ ఒక గోరువంక ఉంటుంది. ఒకసారి విన్న గొంతును అది జన్మలో మరచిపోదు. అందుకే పాటకు తప్ప నోరు తెరవని మౌనవ్రతం తనదని సింగన వాకిట్లో సైగ చేసి చెప్పాడు. గోరువంక తల వంచి అతని గడ్డం కేసి ఒకసారి చూసి ఊరుకుంది.

శంఖం మోగింది. కపిలకేతుడు వచ్చి పూలపీట మీద కూర్చుని గోటి మీద చెయ్యి వేశాడు. రాజపురోహితుడు ఔనుపాట నియమాలు చదివాడు. భట్టు ఏడు పద్యాలు పాడతాడు. ఘనకార్యం చేసినవాడు ఒక్కొక్క పద్యానికీ "ఔను" అనాలి. ఏడూ పూర్తయితే కాలికి గండపెండేరం, బండ మీద శాశ్వతంగా పేరు. మధ్యలో ఒక్క "కాదు" అంటే అన్నీ పోయినట్టే. పాట నడిచినంతసేపు భట్టు మీద గాని, వీరుడి మీద గాని ఎవరూ చెయ్యి వేయకూడదు.

సింగన తంబుర మీటి ముక్కుతో ఎత్తుకున్నాడు.

"మంచు కమ్మిన వేళ మత్తులో ఊరెల్ల
ఒంటిగా నిలిచిన ఒడయడ వౌదువా?"

"ఔను" అన్నాడు కపిలకేతుడు, కళ్లు అరమోడ్చి.

రెండో పద్యంలో గద్ద రెక్కల గాలికి కొండలు కదిలాయి. మూడో పద్యంలో మంత్రి దాని కాలికి వేలాడాడు. నాలుగో పద్యంలో కత్తి మెరిసి గోరు తెగింది. ప్రతి "ఔను"కీ జనం ఈలలు వేశారు. మంత్రి ముఖంలో కళ వెలిగిపోతోంది. నాలుగో పద్యం పాడుతున్నప్పుడు సింగనకు తన ఎడమచెయ్యి పట్టు తప్పిన క్షణం గుర్తొచ్చి ఒళ్లు మండింది. అయినా ముక్కు వదలకుండా పాడాడు.

ఇప్పుడు వచ్చింది ఐదోది.

"నెమలికంఠపు రంగు నెత్తురు జలజలా
కుడిచేత చిలికెనా కొండంత వీరుడా?
ఎంత కడిగిన గాని ఎన్నడూ పోనట్టి
ఆ మచ్చ నీ చేతి ఆభరణ మౌనటే?"

కపిలకేతుడు అరమోడ్చిన కళ్లు తెరిచాడు. ఆ గద్ద నెత్తురు ఏ రంగో అతనికి తెలియదు. ఎలా తెలుస్తుంది? దాన్ని ఊది పిలిచేవాళ్లే గాని గాయపరిచినవాడు అంతకుముందు పుట్టలేదు. గోటి మొదట్లో ఎండినది నల్లగా అసహ్యంగా ఉందని, ఆ పూటే కంసాలిని పిలిపించి వెండి తొడుగు వేయించాడు. వెయ్యిమంది తనవైపే చూస్తున్నారు. కాదంటే నాలుగు ఔనులూ గంగలో కలుస్తాయి.

"ఔను" అన్నాడు.

మహారాజు ముందుకు వంగాడు. "ఇంతటి గుర్తు ఉంచుకుని మాకు ఒక్కసారైనా చూపించలేదేం మంత్రీ? నీ వినయం మరీ ఎక్కువ. ఏదీ, చెయ్యి చూడనీ."

కపిలకేతుడి పెదాలు సన్నగా కదిలాయి. కుడిచేతి అంగీ పైకి లాగాడు. మోచేతి దాకా నెమలికంఠపు రంగు మిలమిలలాడింది. జనం హోరుకు కొండలు మారుమోగాయి. ఆడవాళ్లు పూలు విసిరారు. మంత్రవిద్య అంటే అదీ, అరక్షణంలో పూసేశాడు. సింగన గడ్డం చాటున నవ్వుకున్నాడు. మంత్రి మెడకు మొదటి చుట్టు పడింది.

"గోటిలో దాగిన నెత్తురు నీరంటి
ఆ రంగె చిందునా అందరూ చూడంగ?"

ఈసారి మంత్రి ఆలోచించనే లేదు. పూలు మీద పడుతున్నప్పుడు ఆలోచన ఎవరికి సాగుతుంది? "ఔను" అన్నాడు.

"భేష్" అన్నాడు మహారాజు. "ఆ వింత కూడా చూసేద్దాం. తొడుగు ఊడదీయండి. నీళ్లు తెండి."

"మహాప్రభూ, శుభలగ్నంలో వేయించిన తొడుగది. తీస్తే రాజ్యానికి అరిష్టం" అన్నాడు కపిలకేతుడు, చెయ్యి గోటి మీద నుంచి తీయకుండానే. అరిష్టమనేసరికి పురోహితుడు తల ఊపాడు. మహారాజు వెనక్కి వాలాడు. సింగన చేతికందిన ఫలం జారిపోతోంది.

సరిగ్గా అప్పుడే బురుజు మీద మధ్యాహ్నపు శంఖం మోగింది.

పిడుగువాకిలిలో మధ్యాహ్నపు శంఖానికి కావలి పేర్లు పిలుస్తారు. యుద్ధం నడుస్తున్నా, వాన ముంచెత్తుతున్నా ఆ పిలుపు ఆగలేదు. పిలిచేది కావలి పెద్ద. బయ్యన్న కాళ్లకు గొలుసుంది గాని నోటికి లేదు. నలభై ఏళ్ల అలవాటుకొద్దీ అతను తలెత్తి పిలిచాడు.

"భీమన్న."

జనంలోంచి ఒక కావలివాడు సిగ్గుపడుతూనే, "ఉన్నా" అన్నాడు.

"ఓబులు."

"ఉన్నా."

"ఇంకా ఆ ముసలోడికి పిలుపుల పిచ్చి పోలేదు" అని ఎవరో నవ్వారు. బయ్యన్న అటు చూడలేదు.

"సింగన."

నెలరోజులుగా ఆ పేరు దగ్గర బయ్యన్న రెండు ఊపిర్లు ఆగుతున్నాడు. జవాబు రాకపోతే తరువాతి పేరుకు వెళుతున్నాడు. ఆ సంగతి ఊరంతటికీ ఒక వేడుకైపోయింది. ఈరోజూ ఆగాడు.

"ఉన్నా."

ఆ మాట సింగన అనలేదు. పదేళ్లుగా రోజూ ఆ పిలుపుకు పలికిన అతని గొంతు దానంతటదే అనేసింది. ముక్కుతో కాదు, నిండుగా, పిడుగువాకిలి మారుమోగేలా. అనేశాక గాని తాను ఏం చేశాడో అతనికి తెలియలేదు.

మంత్రి భుజం మీద గోరువంక రెక్కలు కొట్టుకుంది. "సింగన. సింగన. సింగన."

ముంగిలి లేచి నిలబడింది. నలభై కత్తులు ఒరల నుంచి వచ్చాయి. ఎవరో రాయి విసిరితే తంబుర బుర్ర పగిలింది. "ద్రోహి వాడు, నరికేయండి" అని కపిలకేతుడు అరిచాడు.

"ఆగండయ్యా" అన్నాడు బయ్యన్న. అతను కొడుకు వైపు చూడలేదు. రాజు వైపే చూశాడు. "ఏడో ఔను కాలేదు గదా. పాట నడుస్తుంటే భట్టును ముట్టుకోగూడదని అయ్యవారే ఇప్పుడే చదివారు."

"వాడు భట్టెలా అవుతాడు?" అన్నాడు మంత్రి.

"నువ్వు ఆరుసార్లు ఔనన్నావు గదయ్యా వాడి పాటకి. భట్టు గానివాడికి ఎందుకన్నావు?"

ధవళకీర్తి మహారాజుకు తన పేరంటే ప్రాణం. తన ఏలుబడిలో ఔనుపాట మధ్యలో నెత్తురు చిందిందని పక్క రాజ్యాల్లో చెప్పుకుంటారన్న ఊహకే ఆయనకు చెమట పట్టింది. "కత్తులు దించండి. పాట పూర్తి కావాలి. ఆరో ఔను ప్రకారం తొడుగు తీసి చూడవలసిందే. అరిష్టం సంగతి తరువాత చూద్దాం."

తొడుగు బిగువుగా ఉంది. భటుడు గోళ్లతో గీరితే రాలేదు. బయ్యన్న తన ముందున్న ఉలినీ సుత్తినీ చూశాడు. నెల తరువాత మొదటిసారి వాటిని చేతిలోకి తీసుకున్నాడు. "ఇటు తీసుకురండి" అన్నాడు. వెండి అంచున ఉలి ఆనించి మూడు దెబ్బలు వేశాడు. తొడుగు రెండుగా చీలి కింద పడింది. భటుడు చెంబెడు నీళ్లు పోశాడు.

నల్లగా ఎండినది మెల్లగా నాని కరిగింది. ముత్యాల ముగ్గు మీదుగా ధార కట్టి పారింది. ఆ ధార పచ్చని పసుపు. పెళ్లికి దంచిన పసుపంత పసుపు.

సింగన మేకవెంట్రుకల గడ్డం పీకి పారేశాడు. కుడిచేతి అంగీ భుజం దాకా చింపేశాడు. మణికట్టు నుంచి భుజం దాకా ఆ చెయ్యి పసుపు ముంచి తీసినట్టుంది.

"నెమలికంఠం నేను కల్పించింది మహారాజా" అన్నాడు తన గొంతుతోనే. "అబద్ధానికి ఏ రంగు చెబితే ఆ రంగు వస్తుంది. నిజం రంగు ఒక్కటే."

పూలమ్మి ఒకామె ముందువరసలోంచి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని బావురుమంది. రాయి విసిరినవాడు మెల్లగా జనం వెనక్కి జారుకున్నాడు. కపిలకేతుడు తన నెమలిరంగు చేతిని పంచెకేసి రుద్దుకున్నాడు. అది పోలేదు. ఎంత కడిగినా పోదని ఆయనే ఔనన్నాడు మరి.

"ఇంకొకటి మిగిలింది మంత్రిగారూ" అన్నాడు సింగన. "ఇది పద్యం కాదు, నాకు పద్యాలు రావు. ఆ గద్దను పిలిచి రాకుమారిని పట్టించిన ఎముక పిల్లనగ్రోవి మీ తలపాగాలో ఉంది. ఔనా, కాదా?"

ఔనంటే తల పోతుంది. కాదంటే తలపాగా విప్పుతారు. కపిలకేతుడి చెయ్యి తలపాగాలోకి వెళ్లింది. పిల్లనగ్రోవి బయటికొచ్చింది. చెవులు చిల్లులు పడే కూత ఒకటి నల్లకొండల మీదుగా సాగిపోయింది.

పట్టపగలే ముంగిలి చీకటైంది. పచ్చపట్టు పందిరి చిరిగి లేచిపోయింది. వజ్రతుండం లోయలోంచి పైకి వచ్చి కోటగోడ మీద వాలింది. కుడికాలు కుంటుతోంది. దాని ముక్కు తగిలి బురుజు రాళ్లు పిండిగా రాలాయి. జనం పీటల కిందా తలుపుల చాటునా దూరారు. కపిలకేతుడు గోడ మెట్లెక్కి దాని మెడ మీదికి దూకాడు.

"మీ రాకుమారి నీలశిఖరం మీద ఉంది. చేతనైతే రండి" అని నవ్వాడు.

సింగన చేతిలో పగిలిన తంబుర తప్ప ఏమీ లేదు. తండ్రి వైపు పరుగెత్తాడు. బయ్యన్న అప్పటికే తన కాలిగొలుసు చీలకు ఉలి ఆనించి ఉన్నాడు. రెండే దెబ్బలు. నిలువెత్తు గొలుసు ఊడి చేతికొచ్చింది.

"చేతిలో బలముందా?" అన్నాడు బయ్యన్న గొలుసు అందిస్తూ.

"ఉంది నాయనా."

"అయితే పో. ఈసారి పట్టు వదలకు."

సింగన గోడ మీద పరుగెత్తాడు. భీమన్నా ఓబులూ భుజాలు కలిపి మెట్టుగా నిలబడ్డారు. వాళ్ల మీద కాలు మోపి గాల్లోకి లేచి గొలుసు విసిరాడు. అది గద్ద ఎడమకాలికి రెండు చుట్లు చుట్టుకుని బిగిసింది. వజ్రతుండం రెక్కలు విప్పి లేచింది. దానితోపాటు సింగన కూడా లేచాడు. కోట, ముంగిలి, ముత్యాల ముగ్గు, దాని మీద పసుపు చార అన్నీ కాళ్ల కింద చిన్నవైపోయాయి. కింద వెయ్యి గొంతులు తన పేరే అరుస్తున్నాయని అతనికి తెలుస్తూనే ఉంది గాని, గాలి హోరులో ఒక్క ముక్క వినబడలేదు.

ఒక్క గొంతు మాత్రం వినబడింది. నలభై ఏళ్లు లోయకు అవతల ఉన్నవాడికి కూడా వినబడేలా పిలిచి పిలిచి అలవాటైన గొంతు అది. మధ్యాహ్నపు పిలుపు మధ్యలో ఆగిపోయింది గదా, బయ్యన్న దాన్ని ఆగిన చోటి నుంచే మళ్లీ మొదలుపెట్టాడు.

"సింగన."

సింగన గొలుసును మణికట్టుకు ఇంకొక చుట్టు బిగించుకుని, గుండెల నిండా గాలి పీల్చాడు.

"ఉన్నా" అన్నాడు ఆకాశంలోంచి.

మెడ మీద కూర్చున్న కపిలకేతుడు ఉలిక్కిపడి కిందికి తొంగిచూశాడు. నేల మీద బయ్యన్న మాత్రం ఈసారి రెండు ఊపిర్లు ఆగలేదు. తరువాతి పేరు పిలవడం సింగనకు లీలగా వినిపించింది.